గ్రూప్ థెరపీ ఎలా పనిచేస్తుంది, ఎవరికి పనికొస్తుంది, ఎవరికి పనికిరాదు

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన సంగతి ఇది. జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పే మీరు రెండేళ్లుగా డిప్రెషన్‌కు మందులు వాడుతున్నారు. నిద్ర, ఆకలి కుదుటపడ్డాయి గానీ స్టాఫ్‌రూమ్‌లోనూ బంధువుల మధ్యా నోరు విప్పలేకపోవడం, ఎవరు ముభావంగా ఉన్నా తప్పు మీదేననుకోవడం మాత్రం పోలేదు. మీ సైకియాట్రిస్టు వారానికొకసారి గంటన్నర చొప్పున జరిగే ఒక గ్రూపులో చేరమన్నారు. ఇంటి గుట్టు నలుగురిలో పెట్టుకోవడం ఏమిటని మీవారు అభ్యంతరపెడుతున్నారు. నా బాధే నేను మోయలేకుండా ఉంటే ఇంకో ఏడుగురి బాధలు వినడం వల్ల ఒరిగేదేమిటని మీకు అనుమానం. ఈ రెండూ కొట్టిపారేయదగ్గ అభ్యంతరాలు కావు. క్లినికల్ సైకాలజిస్టుగా నేను చాలాకాలంగా ఇలాంటి గ్రూపులు నడుపుతున్నాను కాబట్టి కొంత వివరంగానే సమాధానం రాస్తున్నాను. అయితే మిమ్మల్ని చూడకుండా మీకిది సరిపడుతుందని గానీ సరిపడదని గానీ నేను చెప్పలేను. ఆ నిర్ణయం మీరూ మీ డాక్టరుగారూ కలిసి చేయవలసిందే.

ముందుగా ఒక తికమక తీర్చాలి. గ్రూప్ థెరపీ అనే ఒకే పేరు కింద మన దగ్గర వేర్వేరు పద్ధతులు నడుస్తున్నాయి. కొన్ని గ్రూపులు దాదాపు తరగతిలా సాగుతాయి. ఆందోళన ఎలా పుడుతుంది, ఆ సమయంలో మనసులో మెదిలే ఆలోచనను ఎలా పట్టుకుని పరీక్షించాలి, కోపం ముంచుకొచ్చినప్పుడు ఏం చేయాలి వంటివి థెరపిస్టు వరుసగా నేర్పుతారు, ఇంటిదగ్గర సాధన చేసి రమ్మంటారు, మరుసటి వారం ఎవరు ఎంతవరకు చేయగలిగారో మాట్లాడుకుంటారు. సీబీటీ (ఆలోచనల్నీ ప్రవర్తననూ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ) గ్రూపులు, తమను తాము గాయపరచుకునేవారి కోసం రూపొందిన డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ)లోని నైపుణ్యాల గ్రూపులు ఈ కోవలోవి. రెండో రకంలో పాఠమంటూ ఉండదు. సభ్యుల మధ్య ఆ గదిలో ఏర్పడే సంబంధాలే అక్కడ చికిత్సకు ముడిసరుకు. మూడో రకం, ఒకే కష్టం ఉన్నవాళ్లు థెరపిస్టు లేకుండా తమంతట తాము నడుపుకునే స్వయంసహాయక బృందాలు. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ వీటిలో బాగా పేరున్నది. దాని సమావేశాలు మన తెలుగు ఊళ్లలోనూ జరుగుతున్నాయి, తాగుడు మానడానికి ఎందరికో ఆసరా ఇచ్చాయి, కానీ సాంకేతికంగా అది సైకోథెరపీ కాదు. ఇక డీఎడిక్షన్ కేంద్రంలో నలభైమందిని వరుసగా కూర్చోబెట్టి మైకులో హితబోధ చేయడాన్ని కూడా కొందరు గ్రూప్ థెరపీ అంటున్నారు. దాన్ని ఉపన్యాసం అనడమే న్యాయం. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే మీ డాక్టరుగారు సూచించినది రెండో రకమై ఉండాలి కాబట్టి నా సమాధానంలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది.

ఈ పద్ధతి పుట్టింది మానసిక వైద్యంలో కాదు, క్షయవ్యాధి వైద్యంలో. 1905లో బోస్టన్‌లో జోసఫ్ ప్రాట్ అనే వైద్యుడు, శానటోరియంలో, అంటే క్షయరోగుల్ని ఉంచి చికిత్స చేసే ఆసుపత్రిలో, చేరే స్తోమత లేని పేద క్షయరోగుల్ని వారానికొకసారి ఒకచోట చేర్చి విశ్రాంతి, స్వచ్ఛమైన గాలి, తిండి విషయాల్లో జాగ్రత్తలు చెప్పేవాడు. రోగులు తాము పాటించిన నియమాలు రాసుకొచ్చి చూపించేవారు, పెరిగిన బరువు అందరి ముందూ చెప్పుకునేవారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే తీరిక లేక మొదలైన ఈ ఏర్పాటులో, రోగులు ఒకరినొకరు చూసుకోవడమే వాళ్లకు ధైర్యమిస్తోందని క్రమంగా తేలింది. వియన్నా నుంచి అమెరికాకు వలస వెళ్లిన జేకబ్ మొరేనో 1930ల తొలి ఏళ్లలో ఈ చికిత్సకు ఇప్పటి పేరును వాడుకలోకి తెచ్చాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ దగ్గరి నార్త్‌ఫీల్డ్ సైనిక ఆసుపత్రిలో, మానసికంగా దెబ్బతిన్న సైనికులు వందల్లోనూ వైద్యులు వేళ్లమీద లెక్కించేంతమందీ ఉన్న పరిస్థితిలో, విల్ఫ్రెడ్ బియాన్, ఫోక్స్ వంటి మానసిక వైద్యులు గ్రూపుతో పనిచేసి దానికొక సిద్ధాంతాన్ని సమకూర్చారు. వైద్యుల కొరత వల్ల వచ్చిన పద్ధతి కదా, చవకబారుదేమో అన్న అనుమానం అందుకే దీన్ని ఇప్పటికీ వెంటాడుతూ ఉంటుంది. ఖర్చు తక్కువన్నది నిజమే గానీ, మీ విషయంలో దీన్ని సూచించడానికి కారణం అది కాకపోవచ్చు.

అసలు కారణం ఏమై ఉంటుందో ఒక ఉదాహరణతో చెబుతాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు, పలువురి అనుభవాలు కలిపి అల్లినది. ఒక గ్రూపులో ఒకామె ఉంది. ప్రతివారం అందరినీ ఆప్యాయంగా పలకరిస్తుంది, పోయినవారం ఎవరేం చెప్పారో గుర్తుపెట్టుకుని అడుగుతుంది. తన వంతు వచ్చేసరికి మాత్రం "నాదేముందిలెండి, ముందు మీరు చెప్పండి" అంటుంది. తనది సర్దుకుపోయే స్వభావమనీ, అయినా ఎందుకో ఎవరూ తనకు దగ్గర కారనీ ఆమె నమ్మకం. ఆరేడు వారాలయ్యాక ఒక రిటైరైన పెద్దాయన కాస్త తటపటాయిస్తూ ఇలా అన్నాడు: "అమ్మా, మీరు నా గురించి అడిగినప్పుడల్లా నాకు సంతోషమే. కానీ మీ గురించి ఒక్క ముక్కా చెప్పకపోయేసరికి మమ్మల్ని నమ్మడం లేదేమో అనిపిస్తోంది." ఆమె నిర్ఘాంతపోయింది. ఎదుటివారిని ఇబ్బంది పెట్టకూడదని తాను చేస్తున్న పనే ఎదుటివారికి తలుపు మూసినట్టుగా ఉందని ఆమెకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఇంట్లోవాళ్లు చెప్పరు, కాలేజీలోవాళ్లు అసలే చెప్పరు, వాళ్లు మెల్లగా దూరమవుతారంతే. మరికొన్ని వారాల తర్వాత ఆమె మొదటిసారిగా "ఈ రోజు నాకో పదిహేను నిమిషాలు కావాలి" అని అడిగింది. ఎవరూ విసుక్కోలేదు. ఆ విసుక్కోకపోవడం ఆమెకు ఏ సలహాకన్నా ఎక్కువ పనిచేసింది.

విడిగా థెరపిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు ఇదే మనిషి, అందరూ తనకు దూరమవుతున్నారని చెబుతుంది, థెరపిస్టు ఆమె చెప్పినదాన్ని ఆమె కోణంలోనే వింటారు. గ్రూపులో ఆ సమస్య కథగా రాదు, కళ్లముందే జరుగుతుంది. బయట మనం మనుషులతో ఎలా మెలుగుతామో కొన్ని వారాలు గడిచేసరికి గ్రూపులోనూ అలాగే మెలగడం మొదలుపెడతాం. మొహమాటపడేవాళ్లు అక్కడా మొహమాటపడతారు, పెత్తనం చేసేవాళ్లు అక్కడా చేస్తారు, అలిగేవాళ్లు అక్కడా అలుగుతారు. బయటికీ ఇక్కడికీ తేడా ఏమిటంటే, ఇక్కడ జరిగినదాన్ని జరిగిన వెంటనే ఆపి, ఇప్పుడు మన మధ్య ఏం జరిగిందని మర్యాదగా అడిగే హక్కు అందరికీ ఉంటుంది. కొత్త తీరులో మాట్లాడి చూడడానికి, తడబడడానికి, మళ్లీ ప్రయత్నించడానికి కూడా అది చోటిస్తుంది. మందులు కుదుర్చలేని భాగం, అంటే మనుషుల మధ్య మీకున్న బిగుసుకుపోయేతనం, ఇక్కడ కుదిరే అవకాశం ఉందని మీ డాక్టరుగారు భావించి ఉంటారు.

ఈ రంగంలో అందరూ ప్రామాణికంగా తీసుకునే అమెరికన్ సైకియాట్రిస్టు ఇర్విన్ యాలమ్, గ్రూపులో మనిషి కోలుకోవడానికి తోడ్పడే అంశాలు పదకొండుగా వర్గీకరించాడు. అన్నీ ఇక్కడ ఏకరువు పెట్టను గానీ, వాటిలో ఒకటైన, ఈ బాధ నాకొక్కరికే కాదన్న ఎరుక గురించి ఆయన చేయించిన ప్రయోగం చెప్పుకోదగ్గది. ఆయన కొన్ని బృందాల్లో సభ్యులకు చీటీలిచ్చి, ఎవరికీ ఎప్పటికీ చెప్పుకోలేమనుకునే రహస్యాన్ని పేరు లేకుండా రాయమన్నాడు. ఎక్కువమంది రాసినది ఒక్కటే: లోపల నేను ఎందుకూ కొరగానివాణ్ణి, బయట కనబడేదంతా నటన. దాని తర్వాత ఎక్కువగా వచ్చినది, నేను ఎవరినీ నిజంగా ప్రేమించలేను, ఎవరితోనూ మనస్ఫూర్తిగా కలవలేను అన్నది. ఎవరికి వారు తమకొక్కరికే ఉందనుకుని దాచుకున్నది పక్కవారి చీటీలోనూ ఉంది. నీలాంటివాళ్లు ఎందరో ఉన్నారని డాక్టరు చెప్పడం వేరు, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేస్తూ ఎంతో నిబ్బరంగా కనిపించే మనిషి మీ ఎదురుగా కూర్చుని సరిగ్గా మీ మాటలే తన నోటితో అనడం వేరు.

మీ రెండో అనుమానానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. ఇతరుల బాధ వినడం వల్ల మీ బాధ పెరుగుతుందా? మొదటి రెండు మూడు వారాల్లో కొందరికి కొంత బరువుగా ఉండే మాట వాస్తవమే. ఇంటికి వెళ్లాక కూడా ఆ మాటలు చెవుల్లో తిరుగుతాయి. కానీ డిప్రెషన్‌లో ఉన్న మనిషికి, నావల్ల ఎవరికీ ఉపయోగం లేదన్న ఆలోచన జబ్బులో భాగమని మరిచిపోకండి. మీరన్న ఒక మాట పట్టుకుని ఎదుటివారు ఆ వారమంతా నెట్టుకొచ్చామని చెప్పినప్పుడు ఆ ఆలోచన కొంత సడలుతుంది. సహాయం పుచ్చుకోవడంతో పాటు ఇవ్వడం కూడా చికిత్సలో భాగమయ్యేది గ్రూపులోనే. అలాగే గ్రూపులో అందరూ ఒకే దశలో ఉండరు. మీరు చేరేనాటికి ఆరేడు నెలలుగా వస్తూ కోలుకుంటున్నవారు ఉండవచ్చు, వారిని చూడడం వల్ల కలిగే ఆశను థెరపిస్టు మాటలతో కలిగించలేరు.

ఇక ఆ గదిలో జరిగే తతంగం. సాధారణంగా ఏడెనిమిదిమంది సభ్యులుంటారు. అయిదుగురికి తగ్గితే మాటలు సాగవు, పదిమంది దాటితే వెనక కూర్చుని నిశ్శబ్దంగా ఉండిపోయేవారు పెరుగుతారు. ఒకరు లేదా ఇద్దరు థెరపిస్టులు అందరితో పాటు గుండ్రంగా వేసిన కుర్చీల్లోనే కూర్చుంటారు. కొన్ని గ్రూపుల్లో అందరూ కలిసి మొదలుపెట్టి పన్నెండో పదహారో వారాల తర్వాత కలిసి ముగిస్తారు. మరికొన్నింటిలో ఒకరు వెళితే ఆ ఖాళీలో ఇంకొకరు చేరుతూ ఏళ్లతరబడి సాగుతాయి. మొదటి కొన్ని సమావేశాలు కొత్త కోడలు అత్తింట్లో గడిపే మొదటి వారంలా ఉంటాయి, అందరూ అతి జాగ్రత్తగా మాట్లాడతారు. తర్వాత చిరాకులు బయటపడే దశ ఒకటి వస్తుంది. ఫలానాయన ఎప్పుడూ ఆలస్యంగా వస్తాడనీ, ఇంకొకరు అందరి సమయం తినేస్తున్నారనీ, అసలు థెరపిస్టు ఏమీ చెప్పడం లేదనీ గుసగుసలు మొదలవుతాయి. చాలామంది సరిగ్గా ఈ దశలోనే మానేస్తారు, నా అభిప్రాయంలో ఇది దురదృష్టం, ఎందుకంటే ఆ చిరాకుల్ని పైకి చెప్పి, విని, విడిపోకుండా నిలబడిన తర్వాతే గ్రూపు నిజంగా పనిచేయడం మొదలవుతుంది. గొడవ జరిగినా సంబంధం తెగిపోదని జీవితంలో మొదటిసారి చూసినవాళ్లు నాకు చాలామంది తారసపడ్డారు.

థెరపిస్టు ఏం చేస్తారన్నది కూడా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు మొదట నిరాశపడేది ఇక్కడే. మనం పెరిగిన పద్ధతిలో నలుగురు కూర్చుంటే ఒక పెద్దమనిషి తీర్పు చెప్పాలి. అందుకే మొదట్లో ప్రతివారూ మిగతావాళ్లను వదిలేసి థెరపిస్టు వైపే తిరిగి, మీరే చెప్పండి మేడమ్, ఏం చేయమంటారు అని అడుగుతారు. నాయకుడొకడు వచ్చి మనల్ని గట్టెక్కిస్తాడని గ్రూపు మొత్తం ఎదురుచూసే ఈ ధోరణిని బియాన్ ఎనభై ఏళ్ల కిందటే ఇంగ్లండులో గమనించాడు కాబట్టి ఇది మన ఒక్కరి జాడ్యమేమీ కాదు. థెరపిస్టు ఆ ప్రశ్నను తిరిగి గ్రూపుకే అప్పగిస్తారు. ఎవరైనా శ్రుతి మించితే ఆపుతారు, మూలన ఉండిపోయినవారిని మెల్లగా మాటల్లోకి తెస్తారు, ఇద్దరి మధ్య జరిగినదానికి అర్థం వెతకడంలో సాయపడతారు. సలహాల విషయంలోనూ ఇంతే. మన గ్రూపుల్లో ఎవరైనా కష్టం చెప్పిన అయిదో నిమిషానికల్లా ఫలానా గుడికి వెళ్లమనీ, ప్రాణాయామం చేయమనీ, ఆ ఉద్యోగం మానేయమనీ సలహాలు కురుస్తాయి. వాటిలో పనికొచ్చేవి తక్కువే. అయినా ఎవరో తమ గురించి ఆలోచించారన్న భావన మాత్రం మిగులుతుంది కాబట్టి నేను వాటిని మొదట్లో మరీ అడ్డుకోను.

మీవారి అభ్యంతరం దగ్గరికి వస్తాను. గుట్టు బయటపడదా అన్న ప్రశ్నకు నిజాయితీగా చెప్పవలసిన జవాబు ఏమిటంటే, థెరపిస్టుకున్న బాధ్యత చట్టబద్ధమైనది, తోటి సభ్యులకున్నది ఒప్పందబద్ధమైనది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, రోగి చికిత్సకు సంబంధించిన సమాచారాన్ని గోప్యంగా ఉంచవలసిన విధిని వైద్య సిబ్బందిపై పెట్టింది. దానికి మినహాయింపులు ఉన్నాయి, ముఖ్యంగా ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉన్నప్పుడు. పిల్లలపై లైంగిక దాడి జరిగినట్టు తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయక తప్పదు. ఈ సంగతులు మంచి థెరపిస్టు మొదటి రోజే చెబుతారు. సభ్యుల విషయంలో ఆ చట్టం అంత సూటిగా పనిచేయదు, కాబట్టి ఇక్కడి మాట ఇక్కడే ఉండాలని అందరిచేతా మాట తీసుకుంటారు, కొందరు రాతపూర్వకంగానే సంతకం చేయిస్తారు. నేను చూసినంతలో ఈ మాట తప్పడం అరుదు, ఎందుకంటే ప్రతివారి గుట్టూ మిగతావారి చేతుల్లో ఉంటుంది. అయినా నూటికి నూరుపాళ్లు హామీ ఎవరూ ఇవ్వలేరు.

మన ఊళ్లలో దీనికి ఇంకో చిక్కు ఉంది. పెద్ద నగరంలో అపరిచితుల్ని ఎనిమిదిమందిని పోగుచేయడం తేలిక, జిల్లా కేంద్రంలో కష్టం. రెండు మాటలు మాట్లాడేసరికి ఏ ఊరు, ఎవరి తాలూకు అని ఆరా మొదలవుతుంది, చుట్టరికాలు బయటపడతాయి, కులం తెలిసిపోతుంది. అందువల్ల చేరేముందే మీ కాలేజీవారు గానీ, మీ విద్యార్థుల తల్లిదండ్రులు గానీ, బంధువులు గానీ ఆ గ్రూపులో ఉన్నారేమో చూడమని థెరపిస్టును అడగండి. పేర్లు వాళ్లు చెప్పరు, చెప్పకూడదు కూడా, కానీ మీరు ఇచ్చిన వివరాలతో సరిచూసి మీకు వేరే గ్రూపు సూచించగలరు. సభ్యులు వాట్సాప్ గ్రూపు పెట్టుకోవడాన్ని నేను ఒప్పుకోను. బయట మొదలైన మాటలు లోపలికి రావు, ముగ్గురు ఒక జట్టయితే మిగతా అయిదుగురూ బయటివారవుతారు. ఇంటి సంగతులన్నీ మొదటి రోజే చెప్పేయాలన్న నియమం కూడా ఎక్కడా లేదు. ఏది చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో మీ చేతుల్లోనే ఉంటుంది, ఈ మాట మీవారికి చెబితే ఆయన బెంగ సగం తగ్గవచ్చు.

ఇదంతా అనుభవం మీద చెబుతున్న మాటలేనా, పరిశోధన ఏమంటోంది అని మీరడగవచ్చు. ఒకే రకం చికిత్సను విడిగానూ గ్రూపుగానూ ఇచ్చి పోల్చిన అధ్యయనాల్లో మొత్తమ్మీద ఫలితాలు దాదాపు సమానంగా వచ్చాయి. డిప్రెషన్ విషయంలో నాకు మిక్కిలి నమ్మకం కలిగించినది ఉగాండాలో 2002లో జరిగిన ప్రయోగం. ఎయిడ్స్ వల్ల ఇంటింటా చావులు చూసిన నైరుతి ఉగాండాలోని 30 గ్రామాల్ని తీసుకుని, కొన్నింటిలో ఆడవారికీ మగవారికీ విడివిడిగా చిన్న గ్రూపులు ఏర్పరచి, వారానికి గంటన్నర చొప్పున 16 వారాలు నడిపారు. నడిపినవారు డాక్టర్లు కారు, రెండు వారాల శిక్షణ పొందిన స్థానికులు. ఆప్తుల మరణం, ఇంట్లో కలహాలు, జీవితంలో వచ్చిపడిన పెద్ద మార్పులు, వీటి చుట్టూనే మాటలు సాగాయి. మొదట గ్రూపుల్లోనివారిలో 86 శాతం మందికి డిప్రెషన్ ఉండగా చివరికి 6.5 శాతానికి తగ్గింది. గ్రూపులు లేని గ్రామాల్లోనూ కాలక్రమాన కొంత తగ్గింది గానీ 94 నుంచి సుమారు 55 శాతం వరకే. ఈ పద్ధతినే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో కరదీపికగా ప్రచురించింది. పొదుపు సంఘాల పేరుతో మన పల్లెల్లో ఆడవాళ్లు క్రమం తప్పకుండా కలిసి కూర్చోవడం దశాబ్దాలుగా అలవాటే కాబట్టి ఇలాంటిది ఇక్కడ సాధ్యపడకపోవడానికి కారణం నాకైతే కనిపించదు.

కానీ ప్రతిచోటా గ్రూపే మేలని చెప్పడం తప్పు. నలుగురిలో మాట్లాడాలంటే గుండె దడదడలాడే సోషల్ యాంగ్జైటీకి గ్రూపు చక్కగా సరిపోతుందని పైకి అనిపిస్తుంది, సరిపోయినవారూ చాలామందే. అయినా ఏ జబ్బుకు ఏ చికిత్స మేలో సూచించే బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు ఆ జబ్బుకు విడిగా చేసే సీబీటీకే మొదటి స్థానమిచ్చాయి. మీకున్నది ఆ స్థాయి భయమైతే కొన్నాళ్లు విడిగా చేసి తర్వాత గ్రూపులోకి వెళ్లడం మంచిది, ఈ మాట మీ డాక్టరుగారితో ప్రస్తావించండి. క్యాన్సర్ గురించి కూడా ఒక మాట. గ్రూపులో చేరిన రొమ్ము క్యాన్సర్ రోగులు ఎక్కువకాలం బతికారని 1989లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రకటించారు, ఆ మాట ఇప్పటికీ ప్రచారంలో ఉంది. తర్వాత 2001లో కెనడాలో జరిగిన పెద్ద అధ్యయనంలో ఆయుష్షు పెరగలేదు, కానీ మనోవ్యథ, నొప్పి తగ్గాయి. అందువల్ల ఆయుష్షు పెంచుతామని చెప్పి గ్రూపులో చేర్చుకునేవారిని నమ్మకండి. బాధ తగ్గడం దానంతటదే చిన్న లాభమేమీ కాదు.

మరి ఎవరికి బాగా పనికొస్తుంది? మీలాగా తీవ్రదశ దాటి, మనుషుల మధ్య మెలగడంలో చిక్కుకున్నవారికి. ఆప్తుల్ని పోగొట్టుకుని, నెలలు గడిచినా ఎవరితోనూ చెప్పుకోలేక కుమిలేవారికి. తాగుడు, మత్తు మానుకుని తిరిగి జారిపోకుండా ఉండాలనుకునేవారికి. దీర్ఘకాలిక జబ్బులతో బతుకుతున్నవారికి. స్కిజోఫ్రెనియా ఉన్నవారికి కూడా జబ్బు అదుపులో ఉన్నప్పుడు, నైపుణ్యాలు నేర్పే తరహా గ్రూపులు ఉపయోగపడతాయి. వారి కుటుంబసభ్యుల గ్రూపులకు మన దేశంలోనే మంచి పూర్వరంగం ఉంది: 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులకు ఆసుపత్రి ఆవరణలోనే గుడారాలు వేయించి, వాళ్లను రోగుల పక్కనే ఉంచుకుని, అందరితో కలిసి జబ్బు గురించి మాట్లాడేవారు.

పనికిరానివారూ ఉన్నారు, ఇది దాచకూడదు. ఉన్మాద దశలో ఉన్నవారు, భ్రమలు ముదిరి అందరూ తమపై కుట్ర చేస్తున్నారనుకునేవారు, మత్తులో వచ్చేవారు, జ్ఞాపకశక్తి బాగా దెబ్బతిన్నవారు అప్పటికి గ్రూపులో ఉండలేరు, ఉంటే వారికీ మిగతావారికీ నష్టమే. ఆత్మహత్య ఆలోచనలు తీవ్రంగా ఉన్నవారికి వచ్చే బుధవారం దాకా ఆగే చికిత్స కాదు కావలసింది, వెంటనే సైకియాట్రిస్టును కలవాలి. ఆ రాత్రికి ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. దారితప్పిన కుర్రవాళ్లందరినీ ఒకచోట చేర్చి బాగుచేద్దామనుకుంటే వాళ్లు ఒకరి దగ్గర ఒకరు కొత్త విద్యలు నేర్చుకున్న సందర్భాలు పరిశోధనల్లో నమోదయ్యాయి. ప్రమాదమో విపత్తో జరిగిన వెంటనే బాధితుల్ని కూర్చోబెట్టి ఒక్క సిట్టింగులో జరిగినదంతా చెప్పించడం వల్ల మేలు లేదనీ, కొందరికి కీడు కూడా జరగవచ్చనీ తేలడంతో ఇప్పుడు దాన్ని సిఫారసు చేయడం లేదు. నడిపేవారి తీరు కూడా ముఖ్యమే. ఒక సభ్యుణ్ణి మధ్యలో నిలబెట్టి అందరిచేతా అతని లోపాలు చెప్పించడం, ఏడిపించి దాన్నే ప్రక్షాళన అనడం, రెండు రోజుల్లో జీవితం మార్చేస్తామని వేలకు వేలు వసూలు చేయడం, ఇవి కనిపిస్తే మొహమాటపడకుండా లేచి వచ్చేయండి.

ఎక్కడ వెతకాలన్నది మన దగ్గర నిజంగానే కష్టమైన ప్రశ్న. మందుల షాపులా వీధివీధికీ ఉండేవి కావు. ప్రభుత్వ వైద్య కళాశాలల సైకియాట్రీ విభాగాల్లో, పెద్ద ఆసుపత్రుల్లో, డీఎడిక్షన్ వార్డుల్లో అడగాలి. నడిపేవారు క్లినికల్ సైకాలజిస్టునంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరయ్యారో లేదో, గ్రూపులు నడపడంలో ప్రత్యేకంగా శిక్షణ పొందారో లేదో అడగడం మీ హక్కు. ఆన్‌లైన్ గ్రూపులు కరోనా తర్వాత బాగా పెరిగాయి, దూరదేశాల్లో ఉంటూ తెలుగులో ఏడవడానికి, నవ్వడానికి మనుషులు దొరకనివారికి అవి వరమే. అయితే పక్క గదిలో అత్తగారో పిల్లలో వింటున్నారేమోనన్న బెదురుతో మాట్లాడే మాటకు బలం తక్కువ, పైగా మీ గుట్టుతో పాటు మిగతావారి గుట్టు కూడా ఆ గోడలు వింటాయి. తలుపు వేసుకునే గది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు లేకపోతే ఆన్‌లైన్ వద్దు.

చేరేముందు థెరపిస్టు మీతో విడిగా ఒకటి రెండుసార్లు మాట్లాడాలి. అలా మాట్లాడకుండా నేరుగా గదిలోకి పంపేవారి దగ్గర నేనైతే చేరను, ఎందుకంటే సరైన మనుషుల్ని ఎంచుకోవడం, వాళ్లను ముందుగా సిద్ధం చేయడం మీదే గ్రూపు సగం ఆధారపడి ఉంటుంది. ఆ మాటల్లో మీరు ఏం మార్చుకోవాలనుకుంటున్నారో ఒకటి రెండు వాక్యాల్లో చెప్పగలిగేలా ఆలోచించుకుని వెళ్లండి. డిప్రెషన్ తగ్గాలి అనడం కన్నా, స్టాఫ్‌రూమ్‌లో నా అభిప్రాయం ఒక్కసారైనా పైకి చెప్పగలగాలి అనడం వల్ల అందరికీ పని సులువవుతుంది. మందులు మాత్రం గ్రూపు మొదలైంది కదా అని మీ అంతట మీరు తగ్గించుకోకండి.

మొదటి రెండు వారాలు చూసి తేల్చేయకుండా పది పన్నెండు వారాలైనా ఇవ్వండి. అప్పటికీ నచ్చకపోతే మానేయవచ్చు. కానీ ఫోన్ ఎత్తకుండా ఊరుకుని మానేయకండి. ఒక వారం ముందుగా గ్రూపులోనే, నేను వెళ్లిపోదామనుకుంటున్నాను, కారణం ఇది, అని చెప్పండి. మీరు ఏం చెబుతారో, వాళ్లు దానికేమంటారో అది కూడా చికిత్సలో భాగమే. నాకు నచ్చలేదు అన్న మాట నలుగురి ముందు అనగలగడం మీకు కష్టమైన పనుల్లో మొదటిదని మీ ఉత్తరమే చెబుతోంది.